గోతంలో ఒక నిండు సీసా

ఆంజనేయన్ పని నుంచి వస్తే నేరుగా ఇంట్లోకి రాడు. గడప బయట నిలబడి నోరు తెరుస్తాడు. పచ్చయమ్మాళ్ లోపల్నుంచి వచ్చి, మొగుడి నోటి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీలుస్తుంది. "ఊఁ, రా" అంటుంది. అప్పుడే అతను చెప్పులు విడుస్తాడు.

మారియమ్మ గుడి ముందు, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, ఇక తాగనని అతను సత్యం చేసిన రోజు నుంచీ ఇదే వరస. మొదట్లో వీధి వీధంతా నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు. ఇప్పుడు అదే వీధిలో ఇంకొన్ని గడపల ముందు కూడా మగవాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడుతున్నారు.

చూసేవాళ్ళు దీన్ని ప్రేమ అనుకుంటే అనుకోవచ్చు. పచ్చయమ్మాళ్ అనుకోదు. ఆమెకిది కాపలా. ఆంజనేయన్ మంచి మేస్త్రి. చేతిలో తాపీ వణకడం మొదలైనప్పుడు ముందు గోడలు వంకరపోయాయి, తర్వాత పనులు పోయాయి, చివరికి మనిషే పైనుంచి కింద పడ్డాడు. ఎముక అతుక్కుంది. వణుకు తగ్గడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. ఒక్క చుక్క వాసన తగిలితే ఈ మనిషి మళ్ళీ పోతాడని ఆమె భయం. ఆ భయాన్ని మూటగట్టి నెత్తిన పెట్టుకునే ఆమె పోరాటాలకు పోతుంది.

ఇప్పటి పోరాటం ఏమిటంటే, పెన్నాగరం రోడ్డులో ఆడపిల్లల బడికి పోయే మలుపులో సారాయి అంగడి ఉంది. దాన్ని అక్కడినుంచి ఎత్తించాలి. వీధి ఆడవాళ్ళు అర్జీలు ఇచ్చారు. కూర్చున్నారు. అరిచారు. ఎవడూ వినలేదు. అందుకని ఈసారి ఖాళీ సీసాలు ఏరారు. బడి గోడ వెనక, చెరుకు తోటల్లో, కాలువల్లో, బస్సు నిలిచే చోట. సోమవారం పొద్దున వాటిని తాడుకు గుచ్చి మాల చేసి కలెక్టరు ఆఫీసు గేటుకు వేయాలి. సీసాలన్నీ గోతాలకెత్తి పచ్చయమ్మాళ్ ఇంట్లో మూలన పెట్టారు. సారాయి వద్దనే మనిషి ఇంట్లో ఉన్నన్ని సారాయి సీసాలు ఆ చుట్టుపక్కల ఏ తాగుబోతు ఇంట్లోనూ లేవు.

శనివారం సాయంత్రం కూతురు మేనక హోసూరు బస్సు దిగి వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీల కోసం వచ్చే విదేశీ ఇంజనీర్లు దిగే పెద్ద హోటల్లో ఆమెకు పని. విందుల హాల్లో ప్లేట్లు మోస్తుంది.

"ఏమే, ఆ సంచి దించవా? చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోనుండావు" అంది తల్లి.

"యూనిఫారం ఉండాదమ్మా. నలిగిపోతుంది."

అబద్ధం. సంచిలో ఉన్నది సీసా. బస్సులో ఒక్క గతుకును కూడా దాని మీద పడనీయకుండా, చీర మడతల మధ్య, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. తల్లి పొయ్యి వైపు తిరగగానే ఇల్లంతా కళ్ళతో వెతికింది. ఒకటే గది. అలమరకు తలుపు లేదు. పరుపు కింద పెట్టడానికి లేదు, దాన్ని పడుకోబెట్టకూడదు. మూలన గోతాలు కనిపించాయి. సీసాను దాచడానికి సీసాల గోతం కంటే మంచి చోటు ఏది? అన్నిటికంటే వెనక గోతంలో, ఖాళీ సీసాల మధ్య, దాన్ని నిటారుగా నిలబెట్టింది. రేపు మధ్యాహ్నం అమ్మ మాల కట్టడానికి అదే వీధిలోని మోహనప్రియ ఇంటికి పోతుంది. నాయన పనికి పోతాడు. చివరి గోతం ఎత్తేలోగా దీన్ని మెల్లగా తీసి పక్కన పెడితే చాలు, ఆ తర్వాత ఇల్లు ఖాళీ. అదీ ఆమె లెక్క.

రాత్రంతా ఆ పిల్లకు నిద్ర లేదు. ఎలుక కదిలినా తల ఎత్తి మూల వైపు చూసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ లెక్క తప్పింది. మోహనప్రియ ఇంటికి ఎవరో చుట్టాలు వచ్చి కూర్చున్నారు. దాంతో ఆడవాళ్ళందరూ తాళ్ళు, కత్తెరలు పట్టుకుని ఇక్కడికే దిగారు. ముందు మోహనప్రియ, కుట్టుమిషను పెట్టుకుని బతికే పిల్ల, నోటికి అడ్డూ ఆపూ లేదు. వెనక పక్కింటి మునియన్ వాళ్ళ అవ్వ, కళ్ళు సగమే కనిపించినా వీధిలో ప్రతి గొడవకూ ముందుండే ముసలామె. వాళ్ళ వెనక ఇంకొందరు.

మేనక లేచి నిలబడింది. "ఈడ ఏమిటికక్కా? ఎండ. గుడి దగ్గర నీడ ఉంటుంది కదా, ఆడికి పోదాము."

"గుడి దగ్గర సారాయి సీసాలు పెట్టుకోని కూర్చుంటే అమ్మవారు మనల్నే తన్నుతుంది" అంటూ మోహనప్రియ గోతం మూతి పట్టుకుని బరబరా ఈడ్చింది. సీసాలన్నీ గలగలమన్నాయి. మేనక పళ్ళు బిగించింది. ఇంకో గోతం. ఇంకో గలగల. చివరి గోతాన్ని ఇద్దరు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చి, మెల్లగా కూడా కాదు, కుమ్మరించబోయారు.

"ఆగండి! అది నేను తీస్తాను."

"నీ చేతులు నలిగిపోతాయి, హోటల్ చేతులు. కూర్చో." మోహనప్రియ గోతంలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసి వరసగా పెట్టసాగింది. ఒకటి దగ్గర ఆగింది. "ఏమక్కా ఇది? ఇంత బరువుండాది?"

పైకి తీసింది. పొట్ట కాస్త లావు, భుజాలు జారిన పచ్చసీసా. చిరిగిన లేబులు. మూతి మీద సీలు. ఎండకు పెడితే లోపల ఎర్రగా కదిలింది.

"ఎవుడో తాగేది మరిచిపోయి పారేసినట్టుండాడు" అంది ఒకామె.

"తాగేది మరిచేవాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు" అంది అవ్వ.

అందరూ నవ్వారు. పచ్చయమ్మాళ్ నవ్వలేదు. ఆమె చేతిలో తాడు ఉండగానే ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఈ గోతాలు వచ్చింది తన ఇంటికి. కట్టి పెట్టింది ఆంజనేయన్. రాత్రి వాటి పక్కనే పడుకుంటున్నది ఆంజనేయన్. గడపలో నోరు చూపించి లోపలికి వచ్చాక ఇక ఎవరు చూస్తారు? అంటే ఇన్నాళ్ళూ తను కాపలా కాసింది ముందు వాకిలికేనన్న మాట.

లేచింది. సీసా లాక్కుంది. రోలు వైపు నడిచింది. చెయ్యి పైకెత్తింది.

"అమ్మా! నాయనది కాదు! నాది! అది నాదమ్మా!"

చెయ్యి గాల్లోనే ఆగింది. పచ్చయమ్మాళ్‌కు ముందు ఊపిరి వచ్చింది. ఆ తర్వాత కోపం వచ్చింది. సీసాను రోట్లో దింపి కూతురి జుట్టు పట్టుకుంది. "నీదా? తాగేదానికి పోయినావా హోసూరుకి? మీ నాయన మానుకుంటే నువ్వు మొదలుపెట్టినావా?"

"తాగను. నోట్లో పోసుకోని ఉమ్మేస్తాను."

"ఉమ్మేదానికి సీసా ఏమిటికే? ఆకు వక్క చాలదా?" అంది అవ్వ.

మళ్ళీ నవ్వులు. మేనకకు ఏడుపు వచ్చింది, కానీ ఏడవలేదు. ఏడ్చేవాళ్ళ మాట ఈ వీధిలో ఎవరూ వినరని ఆమెకు తెలుసు. జుట్టు విడిపించుకుని గబగబా చెప్పుకుపోయింది.

హోటల్లో వైన్ పోసే కౌంటర్‌కు ఒక మనిషి కావాలి. మంగళవారం పరీక్ష. కౌంటర్ చూసే వాసుదేవన్ సార్ రెండు గ్లాసులు ముందు పెడతాడు. రెండూ ఫ్రాన్సులో బర్గండీ అనే సీమ నుంచి వచ్చిన ఎర్ర వైనే. ఒకటి నిన్నమొన్నటిది, ఒకటి ఏళ్ళ తరబడి నిలవున్నది. పాతది ఏదో, ఎట్లా తెలిసిందో చెప్పాలి. పోటీకి విమల్ అని ఒకడున్నాడు. వాళ్ళ నాయన ఇంట్లో అద్దాల అలమర నిండా సీసాలే. వాడు పుట్టినప్పటి నుంచీ చూసినవాడు. తను ఫోనులో చదివింది. అడవి నేల, తోలు, చెర్రీ పండు అని పాత వైన్ వాసనలకు చెప్పే మాటలన్నీ బట్టీ పట్టింది. చెర్రీ పండు కేకు మీద తప్ప ఎక్కడా చూడలేదు. హోటలు గిడ్డంగిలో చెమ్మ ఎక్కి లేబుళ్ళు చిరిగిన సీసాలను అతిథులకు పెట్టలేక పనివాళ్ళకు చవగ్గా ఇచ్చేశారు. వాటిలో ఇదొక్కటే బర్గండీ.

"గొప్పోళ్ళ సరుకు కాదమ్మా ఇది. ఆ ఊర్లో మామూలు మనిషి ఆదివారం కూర పక్కన పెట్టుకునేది. కానీ నేను ఒకటో క్లాసులో ఉండే ఏడు కోసిన ద్రాక్ష. పేదదే, కానీ ముసలిది. ఇది కాకుంటే నాకు ఇంకొకటి దొరకదు. హాస్టల్లో వార్డెన్ సంచులు తెరిచి చూస్తుంది. అందుకే ఈడికి తెచ్చినాను."

"రోజూ అదే హోటల్లో ఉండావు కదా. ఆడ ఒక గుటక చూసేదానికి ఏమి రోగం?" అంది మోహనప్రియ.

"రూలక్కా. వడ్డించేవాళ్ళు నోట పెట్టకూడదు. పెడితే పని పోతుంది."

పచ్చయమ్మాళ్ తల తిప్పింది. "ఏమంటివి?"

"నోట పెట్టకూడదు."

"పరీక్షలో ఏమి అడుగుతారు?"

"రుచి."

బెంగుళూరులో పచ్చయమ్మాళ్ ఇటుకలు మోసి కట్టిన మేడలున్నాయి. ఆఖరి అంతస్తుదాకా నెత్తిన తట్టతో మెట్లెక్కింది. కట్టడం ముగిశాక, లోపల మరిచిన చెప్పుల కోసం పోతే, వాచ్‌మన్ లిఫ్టు ఎక్కనీయలేదు. మెట్లు కూడా ఎక్కనీయలేదు. పనివాళ్ళకు వెనక వాకిలి అన్నాడు. ఆ వెనక వాకిలికి ఇటుక మోసింది కూడా తనే. ఆ చెప్పులు పోతే పోయాయి. ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది.

"రుచి చూడకూడదు, రుచి చెప్పల్ల" అంది నిదానంగా. "అప్పుడు ఆ పని ఎవునికి వస్తుంది? ఇంట్లో అలమర ఉండేవానికి వస్తుంది. కట్టినోళ్ళు ఎక్కకూడదు, పోసినోళ్ళు రుచి చూడకూడదు. ఇది రూలా? దొంగతనానికి రూలు అని పేరు పెట్టినారు."

"అక్కా" అంది మోహనప్రియ, ఈసారి నవ్వకుండా. "రేపు మాల వేసేది మనము. ఈ పొద్దు నీ ఇంట్లో సీసా తెరిస్తే ఊరు ఏమంటుంది? ఆ అంగడి వాళ్ళు ఎవురైనా ఫోటో తీస్తే?"

"తీయనీ. తలుపు మూయద్దండి. మూసినామంటే తప్పు చేసినట్టు. అందరూ లోపలికొచ్చి కూర్చోండి, మీ కండ్ల ముందరే చెయ్యనీ." కూతురి వైపు తిరిగింది. గొంతు మారింది. "కానీ మీ నాయన వచ్చేలోగా ముగియల్ల. మిగిలింది ఒక చుక్క కూడా ఇంట్లో ఉండకూడదు. వాసన కూడా. తెలిసిందా? బిరబిరా కానీ."

బిరబిరా కానీ అంటే అయ్యే పని కాదది. పాత వైన్‌లో అడుగున మడ్డి ఉంటుంది. అది కదిలితే చేదు. ఒక పగలూ రాత్రీ కదలకుండా నిలబెట్టమని చదివే మేనక దాన్ని అట్లా దాచింది. ఆ మడ్డిని మోహనప్రియ గోతంతో సహా వాకిలంతా ఈడ్చింది, పచ్చయమ్మాళ్ గాల్లోకి ఎత్తింది. సీసాను ఎండకు పట్టి చూస్తే ఎర్రనీళ్ళలో బురద తిరుగుతోంది.

"ఇంకా కొంచేపు ఉండనీమ్మా. మడ్డి దిగల్ల."

"ఎంతసేపు?"

"సాయంత్రందాకా ఉంటే..."

"సాయంత్రం మీ నాయన వస్తాడు."

సీసాను లోపలికి తెచ్చి గది మధ్యలో, పీట మీద పెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఖాళీ సీసాలకు తాడు కడుతున్నారు, కానీ కళ్ళన్నీ దాని మీదే. పచ్చయమ్మాళ్ కూర్చోలేదు. వాకిట్లోకి పోతుంది, రోడ్డు చూస్తుంది, వస్తుంది, సీసా చూస్తుంది. మళ్ళీ వాకిట్లోకి పోతుంది.

"కూర్చోవే, పచ్చా. పురిటి ఇంటి ముందర మగోడు తిరిగినట్టు తిరుగుతుండావు" అంది అవ్వ.

"దిగిందా?" అంది పచ్చయమ్మాళ్ కూతురితో.

"ఇప్పుడే కదమ్మా పెట్టినాము."

చివరికి తల్లి చూపు భరించలేక మేనక సీలు కోసింది. హోటల్లో జేబులో పెట్టుకునే బిరడా తీసే మర తెచ్చుకుంది. తిప్పింది. లాగింది. పాత బిరడా సగానికి విరిగి పొడిపొడిగా రాలింది. ఆమె నుదుట చెమట పట్టింది. మిగిలిన సగాన్ని పక్కనుంచి మెల్లగా, పిల్లల కాలిలో ముల్లు తీసినట్టు తీసింది. టుప్ మని కూడా మోగలేదు. వాసన మాత్రం వచ్చింది.

ఏ వాసన? ఎన్నాళ్ళో తెరవని సామాన్ల గది. పచ్చయమ్మాళ్ ముక్కు చిట్లించి, వెంటనే చేత్తో గాలి విసరసాగింది. వాసనను వాకిట్లోకి తోలాలని ఆమె తాపత్రయం. వాసన కోడా తోలితే పోవడానికి?

ఇప్పుడు దాన్ని వేరే పాత్రలోకి వంచాలి. కడిగి ఆరబెట్టిన ఉప్పుజాడీ తెచ్చారు. వంచేటప్పుడు సీసా మెడ కింద దీపం పెట్టాలి. మడ్డి మెడదాకా వచ్చింది కనిపించగానే ఆపాలి. మోహనప్రియ ఫోనులో లైటు వేసి పట్టుకుంది. నవ్వు ఆపుకోలేక చెయ్యి ఊగుతోంది. "నేను పట్టలేనక్కా, పరీక్ష నాకే ఉన్నట్టు ఉండాది."

సరిగ్గా అప్పుడే గడప బయట చెప్పుల చప్పుడు వచ్చింది.

సిమెంటు లోడు రాలేదు. పని ఆగింది. ఆంజనేయన్ ముందుగానే వచ్చేశాడు. అలవాటు ప్రకారం గడప ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు. ఎవరూ రాలేదు. నోరు తెరుచుకునే ఒక కన్ను తెరిచి చూశాడు. ఇంటి నిండా ఆడవాళ్ళు. అందరూ అతన్నే చూస్తున్నారు.

పచ్చయమ్మాళ్ ఒక్క అంగలో వాకిలికి అడ్డం వచ్చింది. ముక్కు పెట్టింది. సున్నం, బీడీ, టీ. "సరే. పోయి ఇంకొక టీ తాగి రా."

"ఇప్పుడే తాగినాను."

"ఇంకొకటి తాగు."

ఆంజనేయన్ కదల్లేదు. ముక్కుపుటాలు కదిలాయి. ఎన్నేళ్ళ చుట్టరికం అది, ముక్కు మరిచిపోదు. "లోపల ఏమే అది?"

ఆడవాళ్ళ తలల మీదుగా అతనికి పీట కనిపించింది, సీసా కనిపించింది, దాన్ని పట్టుకుని బిక్కచచ్చి కూర్చున్న కూతురు కనిపించింది.

"నాయనా, నాకి పరీక్ష" అంది మేనక. "తాగేదానికి కాదు. మడ్డి రాకుండా వంచల్ల. లైటు నిలవలేదు."

"నువ్వు పో అంటుండాను కదా!" అని అరిచింది పచ్చయమ్మాళ్.

"సత్యం చేసింది నేను. చెయ్యి కాలింది నాది" అన్నాడు ఆంజనేయన్. గొంతు పెంచలేదు. "మీరందరూ ఏమిటికి గడగడ వణికేది?" చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మోహనప్రియ చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "యాడ పట్టల్ల?"

"ఈడ నాయనా. మెడ కింద."

అతను కూతురి ఎదురుగా గొంతుక్కూర్చుని, కుడి అరచేతిలో ఫోను పెట్టి, సీసా మెడ కిందికి చాపాడు. ఆ అరచేతి మధ్యలో కర్పూరం కాల్చిన మచ్చ ఉంది. మేనక వంచింది. సన్నని ధార ఉప్పుజాడీలోకి దిగింది.

ఆడవాళ్ళు ధారను చూశారు. మేనక సీసా మెడను చూసింది. పచ్చయమ్మాళ్ ఆ చేతిని చూసింది. ఒకప్పుడు అన్నం ముద్ద నోటిదాకా పోకముందే రాల్చిన చెయ్యి అది. ఇప్పుడు దాని మీదికే సారాయి వాసన లేస్తోంది. లైటు కదులుతుందా? కదిలిందా? కదిలింది వెలుగా, తన కళ్ళా? ఆమె పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

"చాలు చాలు, వచ్చేసింది" అన్నాడు ఆంజనేయన్. మేనక సీసా ఎత్తేసింది. నల్లటి మడ్డి మెడలోనే ఆగింది, అంతా కాకపోయినా చాలామటుకు.

హోటల్లో పాదం విరిగితే పారేసిన గాజుగ్లాసు ఒకటి ఆమె తెచ్చుకుంది. నిలబడదు, చేత్తో పట్టుకోవాల్సిందే. అందులో అడుగున కొంచెం పోసి తెల్లటి తువ్వాలు మీద వంచి చూసింది.

"ఎర్రగా లేదు కదే" అంది మోహనప్రియ.

"అంచున చూడక్కా. పాత ఇటుక రంగు."

వాసన చూసింది. ముఖం వాడిపోయింది. మూసిన గదే. చెడిపోయిందేమో. గ్లాసు గుండ్రంగా తిప్పింది, మళ్ళీ చూసింది. తిప్పింది. పచ్చయమ్మాళ్ వాకిలి వైపు, మొగుడి వైపు, గ్లాసు వైపు చూస్తూ చీర కుచ్చిళ్ళు నలుపుతోంది. "ఎంతసేపు తిప్పుతావే? మజ్జిగా?"

"ఉండమ్మా. వస్తుండాది." మేనక కళ్ళు మూసుకుంది. "వానకు తడిసిన ఆకులు. కుప్పగా పడినవి. వాటి కింద పుట్టగొడుగులు. ఎండిన నేరేడు పండు... చెర్రీ కాదు, నేనేమిటికి చెర్రీ అనల్ల, నాకి తెలిసింది నేరేడు."

నోట్లోకి తీసుకుంది. బుగ్గలు కదిలించింది. ఆంజనేయన్ తల తిప్పుకుని గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. చదవడానికి అక్కడ ఏమీ లేదు. మేనక బక్కెట్లో ఉమ్మేసింది.

"ఎట్లుండాది?" అని అందరూ ఒకేసారి అడిగారు.

"పలచన. పులుపు. ఆఖర్న చేదు, అది మడ్డి." నిరాశ దాచుకోలేదు. "ఇంతేనా అనిపిస్తుండాది."

"ఇంతేనా? దీనికా జుట్టు పీకించుకొంటివి?" అవ్వ చెయ్యి చాపింది. "ఒక చుక్క నా నాలిక మీద వెయ్యి. నేనేమీ కర్పూరం ఆర్పలేదు." వద్దు అనే లోపల వేలు ముంచి నాకేసింది. ముఖం ముడుచుకుపోయింది. "థూ. పులిసిన చింతనీళ్ళు. మా కాలంలో కల్లు దీని నెత్తిన కూర్చుంటుంది."

అందరూ పడీ పడీ నవ్వుతుంటే మేనక మాత్రం నవ్వలేదు. నాలుక పళ్ళకు రాస్తూ ఎటో చూస్తోంది. "అమ్మా, ఉమ్మేసినాను కదా. ఇంకా పోలేదు. ఇంకా ఉండాది."

మళ్ళీ పోసుకుంది, మళ్ళీ ఉమ్మింది. ఈసారి తొందరపడలేదు. "హాల్లో మేము పోసే కొత్తవి దూరం నుంచే గట్టిగా వాసన వస్తాయి. నేనుండాను అని అరుస్తాయి. ఇది అరవదు. మనమే పోయి పలకరించల్ల. పలకరిస్తే పోనంటుంది." ఆ మాట తనకు తనే ఇంకోసారి చెప్పుకుంది. మంగళవారం ఏం చెప్పాలో ఆమెకు దొరికింది.

"ముగిసిందా?" అంది పచ్చయమ్మాళ్.

"ఒక గంట పెట్టి మళ్ళీ చూస్తే మారుతుందంట అమ్మా..."

"ముగిసింది. పారబోయి."

ఉప్పుజాడీలో ముప్పాతిక మిగిలే ఉంది. మేనక లేవబోయింది. అంతకంటే ముందు ఆంజనేయన్ లేచాడు. జాడీని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"నేను పోసొస్తాను."

గదిలో తాళ్ళు ఆగిపోయాయి. సీసాలు ఆగిపోయాయి. పచ్చయమ్మాళ్ అడ్డం వచ్చింది. ఇంతమంది ఆడవాళ్ళ ముందు ఆ జాడీ లాక్కుంటే మొగుణ్ణి నడిరోడ్డు మీద నిలబెట్టినట్టు. లాక్కోకుంటే? అతను ఆమె ముఖం చూశాడు. ఆమె పక్కకు జరిగింది. జరగాలని జరగలేదు, కాళ్ళు జరిగాయి.

అతను ఇంటి వెనక్కి పోయాడు. అక్కడ గోడ అవతల మునగచెట్టు. ఇంట్లోంచి కనిపించదు.

"మాల కట్టండి, ఏమి చూసేది?" అంది పచ్చయమ్మాళ్. తనూ కూర్చుంది. ఒక సీసా మెడకు తాడు చుట్టింది. జారిపోయింది. మళ్ళీ చుట్టింది. ఒక జాడీ నీళ్ళు కుమ్మరించడానికి ఎంతసేపు పడుతుంది? కుమ్మరిస్తే చప్పుడు రావాలి కదా. చప్పుడేదీ? మోహనప్రియ ఏదో అంటోంది, ఆమెకు వినిపించడం లేదు. లేచింది. కూర్చుంది. వెనక్కి పోయి చూస్తే, అతను పారబోస్తూ ఉంటే, తను చూసినట్టు అతను చూస్తే? ఆ తర్వాత ఏ గడపలో ఏ నోరు చూసి ఏం లాభం? పోకుంటే, అతను అక్కడ...

"అక్కా, ఆ సీసాకు మూడుసార్లు ముడి వేసినావు" అంది మోహనప్రియ.

అతను వచ్చాడు. వెనక నుంచి చుట్టూ తిరిగి ముందు వాకిలికే వచ్చాడు. ఖాళీ జాడీని మెట్టు మీద పెట్టాడు. గడప బయట నిలబడి నోరు తెరిచాడు.

"ఇంతసేపు ఏమి చేసినావు?" అంది పచ్చయమ్మాళ్.

"నిదానంగా పోసినాను. ఒకేసారి కుమ్మరిస్తే వాసన మొకానికి కొడుతుంది." మళ్ళీ నోరు తెరిచాడు.

ఆమె దగ్గరకు పోయి ముక్కు పెట్టింది. గట్టిగా పీల్చింది. తడిసిన ఆకులు, ఎండిన నేరేడు. వాసన వచ్చింది. కానీ అది ఎక్కడ లేదు? తన వేళ్ళ నిండా అదే. నోట్లో కుక్కుకున్న కొంగు నిండా అదే. ఇల్లంతా అదే. తన ముక్కులోనే కూర్చుని ఉంది, పలకరిస్తే పోనంటుంది. ఇంకోసారి పీల్చింది. ఇన్నేళ్ళు కాపలా కాసిన ముక్కు ఇవాళ దేనికీ పనికిరాలేదు.

అతను నోరు తెరుచుకునే నిలబడ్డాడు. కళ్ళు మూయలేదు ఈసారి. ఆమెనే చూస్తున్నాడు. లోపల ఆడవాళ్ళెవరూ కదలడం లేదు.

"ఊఁ" అంది పచ్చయమ్మాళ్. "రా."

అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మోహనప్రియ పక్కన చతికిలబడి, ఖాళీ అయిన పచ్చసీసాను తీసుకున్నాడు. "ఇది నడిమిన కట్టల్ల. మెడ బాగుండాది, తాడు జారదు" అని మాల మధ్యలో కట్టాడు. ముడి బిగించే వేళ్ళను ఆమె చూస్తూనే ఉంది.

కాసేపటికి వెనక మునగచెట్టు మొదట్లో మట్టి ఎంతవరకూ తడిసిందో చూద్దామని లేచింది. వాకిలిదాకా పోయింది. తిరిగి వచ్చి కూర్చుని, ఇంకో సీసా అందుకుంది. మళ్ళీ లేచింది.